రసాయనవిద్యలో తెలుగువారి కృషి: సత్కారము, విస్మరణము



ఈ సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదిగా సంపాదకులు మమ్ము కోరిరి. సంస్కృతము చదివి, బడిపంతులుగా జీవితము గడపిన మావంటివారు గోత్రములను గూర్చియో, శాసనములను గూర్చియో, పూర్వుల దానధర్మములను గూర్చియో వ్రాయుదురని వారు తలచియుందురు. అట్టి వ్యాసములు గడచిన సంచికలలో పెక్కు వెలువడినవి. వాని విలువను మేము కాదనము. కాని ప్రతివర్షము మన మహాసభలో ఒక ఘట్టము కలదు. పరీక్షలలో ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న బాలబాలికలను వేదికమీదికి పిలిచి, శాలువ కప్పి, పతకమిచ్చి, చప్పట్లు చఱచుదుము. ఎవరిని సత్కరింపవలెను, ఏల సత్కరింపవలెను అను ప్రశ్న ఆ సందడిలో ఎవరికిని తోచదు. ఈ ప్రశ్నకు రసాయనవిద్యయొక్క చరిత్ర చక్కని సమాధానము చెప్పునని మా నమ్మకము. అందుచేత ఈ వ్యాసమునకు ఆ విషయమునే తీసికొంటిమి.

మనుస్మృతి ఆఱవ అధ్యాయమున ఒక దృష్టాంతము కలదు. చిల్లగింజను అరగదీసి కలిపినచో బురదనీరు తేఱును. ఆ గింజ పేరు పలికినంతమాత్రమున తేఱదు అని దాని భావము. సంస్కృతమున దీనిని కతకమందురు. సన్యాసధర్మములను చెప్పు సందర్భమున వచ్చిన మాట యిది. ఐనను రసాయనవిద్యకును, సత్కారవిధికిని ఇంతకంటె తగిన సూత్రము మాకు కనబడలేదు.

రసవిద్య – శ్రీపర్వతము

మన తర్లుపాటికి నల్లమల కొండలు దూరము కావు. ఆ కొండలలోనిదే శ్రీశైలము. దానికి తూర్పుద్వారమని పేరుగాంచిన త్రిపురాంతకము మన ప్రాంతమునందే కలదు. సిద్ధనాగార్జునుడు శ్రీపర్వతమున రసవిద్య సాధించెనని ప్రాచీనులు చెప్పుకొన్న కథ. ఆనందకందమను రసగ్రంథము శ్రీశైలమునందలి సిద్ధస్థానములను వర్ణించినది. ఇనుమును బంగారము చేయుదుమన్న మాటను నేటివారు నమ్మవలసిన పని లేదు. కాని పాదరసమును శుద్ధిచేయుట, లోహములను భస్మము చేయుట, మూసలు, పుటములు, యంత్రములు అమర్చుట మొదలగు క్రియలు ఆ గ్రంథములలో వివరముగా నున్నవి. అవి చేతితో చేసినవారు వ్రాసిన విషయములు.

అట్టి విద్య ఏల క్షీణించెను? వంగదేశీయుడగు ఆచార్య ప్రఫుల్లచంద్రరాయలు హిందూ రసాయనశాస్త్ర చరిత్రమును రెండు సంపుటములుగా వ్రాసిరి. మొదటిది 1902లో, రెండవది 1909లో వెలువడెను. ఆయన తానే రసాయనశాస్త్రజ్ఞుడు. సంస్కృత రసగ్రంథములను సేకరించి చదివినవాడు. క్షీణతకు ఆయన చూపిన కారణములలో ముఖ్యమైనది మనము చెవియొగ్గి వినవలసినది. కులభేదములు గట్టిపడిన కొలది చేతిపని నీచమని ఎంచబడెను. కొలిమి ఊదువాడు, రంగులు అద్దువాడు, తోలు పదును పెట్టువాడు చదువునకు దూరమైరి. చదువుకొన్నవాడు కొలిమికి దూరమయ్యెను. ఏల, ఎట్లు అని అడుగు బుద్ధి పనిముట్టును విడిచి పోయెను అని ఆయన సిద్ధాంతము. కులముపేర కూడిన సభలో ఈ మాట చెప్పుట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని సత్యమును దాచి చెప్పు చరిత్ర చరిత్ర కానేరదు. విడిపోయిన చేతిని, బుద్ధిని మరల కలుపు చోటు నేటి పాఠశాలయందు ఒక్కటే కలదు. అది ప్రయోగశాల.

తెలుగున రసాయనశాస్త్రము

నూతన రసాయనశాస్త్రమును తెలుగువారికి తెలుగుననే చెప్పవలెనను సంకల్పము గత శతాబ్ది ఆరంభముననే పుట్టినది. 1906లో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను కూడ ప్రకటించెను. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము ఆ మాలలోనివి. మన భాషలో ఇట్టి శాస్త్రమునకు మాటలే చాలని దినములలో వారు చేసిన సాహసమది. ఉదజని, నత్రజని అని నేడు మన పిల్లలు తడబడక పలుకుటకు వెనుక అట్టివారి శ్రమ కలదు. వారిలో లక్ష్మీపతిగారిని వైద్యునిగా కొందఱెఱుగుదురు. విశ్వనాథశర్మగారి పేరు నేడు మన బడులలో వినబడదు. పాఠ్యగ్రంథము వ్రాసినవాని గతి తఱచుగా ఇట్లే యుండును.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే మదరాసునందు కొంతకాలము శరీరశాస్త్రము బోధించిన యువకుడొకడు కలడు. ఆయనయే ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. ప్రవేశపరీక్షయందు రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైరి. బాంధవులారా, ఈ సంగతిని గమనింపుడు. మన సంఘమువారి నియమావళి ప్రకారము ఆ బాలునకు ఏ పతకమును దక్కియుండదు.

వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన కారణమున ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఉన్నత వైద్యపట్టము రాక, తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. అమెరికా వెళ్ళుటకు ధనము లేదు. మామగారు కొంత కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి కొంత సహాయము చేసెను. ఆ ధర్మనిధిని నెలకొల్పిన దాత కులమొకటి, ఈ విద్యార్థి కులము వేఱొకటి. ఆ రూపాయలు ఎక్కడికి పోయి ఏమి ఫలించెనో ఇక చెప్పెదము.

హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కు అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు, 1925లో రక్తమునందును, మూత్రమునందును ఉండు భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మాలిబ్డేటు కలిపి తగిన ద్రవ్యముతో క్షయకరణము చేసినపుడు నీలిరంగు పుట్టును. ఆ రంగు చిక్కదనమును బట్టి భాస్వరము ఎంత యున్నదో తెలియును. చెప్పుటకు ఇంతే. కాని ఫిస్కు–సుబ్బారావు పద్ధతియను పేర అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నింట వ్యాపించినది. ఆ కొలతయే ఆధారముగా 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు వెల్లడించిరి. ప్రాణి కదలుటకు, కండ ముడుచుకొనుటకు కావలసిన శక్తి ఎచ్చట నిలువయుండునో దానివలన తెలిసెను. ఏ.టి.పి.ని అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేఱుగా కనుగొనెను.

ఇంత చేసినను హార్వర్డునందు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లీ అను ఔషధశాలకు వెళ్ళిరి. అచ్చట ఆయన నడపిన పరిశోధకబృందములే ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినవి. దానిని పోలిన విరోధి పదార్థములు కూడ అక్కడివే. వానిలో అమినోప్టెరిన్ అను మందుతో డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు పుట్టకుఱుపుచే బాధపడు పసిపిల్లలకు కొంతకాలమైనను ఉపశమనము కలిగింపగలిగితినని 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని కొన్ని పుట్టకుఱుపులకును, కీళ్ళవాతమునకును వాడబడుచున్నది. బోదకాలునకు ప్రభుత్వమువారు నేడు పంచు డి.ఇ.సి. మాత్రలకు మూలమైన హెట్రజాన్ కూడ ఆ ప్రయోగశాలనుండి వచ్చినదే. అచ్చటనే డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశక ఔషధమును కనుగొనెను.

1948 ఆగస్టు నెలలో సుబ్బారావుగారు నిద్రలోనే పరమపదించిరి. వయస్సు ఏబదిమూడు. తరువాత 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచ్చింగ్సు పూర్వము ఆయనతో కలిసి పనిచేసినవాడు. సుబ్బారావు వేఱుచేసిన పదార్థములు కొన్నింటిని వెలుగు చూడనీయలేదనియు, ఏండ్ల తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చెననియు, అందుకు ఫిస్కు అసూయయే కారణమనియు హిచ్చింగ్సు చెప్పెను. మన ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళ వేసినది 1995లో, శతజయంతి సందర్భమున. ఆయన మందు మ్రింగి బ్రతికినవారు కోట్లమంది. ఆయన పేరెఱిగినవారు వేలలోనైన నుందురో లేదో. గింజ పేరు తెలియకున్నను నీరు తేఱినది. కాని ఆ చెట్టును నాటువారిని, నీరుపోయువారిని గుఱుతింపని దేశమున అట్టి చెట్లు మఱి మొలచుట దుర్లభము.

వాల్తేరునందలి గురువు

పరిశోధన చేయువాడొకడు, పరిశోధకులను తయారుచేయువాడొకడు. రెండును ఒక్కరియందే యుండుట అరుదు. తిరువేంగడ రాజేంద్ర శేషాద్రిగారు అట్టివారు. ఆయన 1900లో కావేరితీరమందలి కుళిత్తలైలో జన్మించిన తమిళుడు. మాంచెస్టరున రాబర్టు రాబిన్సను అను మహాచార్యునికడ శిక్షణపొంది వచ్చి, రాధాకృష్ణపండితులు ఉపాధ్యక్షులుగా నున్న కాలమున ఆంధ్రవిశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. 1949లో ఢిల్లీకి వెళ్ళువఱకు ఆయన శ్రమ అంతయు తెలుగు విద్యార్థులకే ధారపోయబడెను.

వాల్తేరులో అప్పటికి ప్రయోగశాల పసికందు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విశ్వవిద్యాలయమే కొంతకాలము గుంటూరునకు తరలిపోవలసివచ్చెను. ఖరీదైన ద్రవ్యములు లేవు. శేషాద్రిగారు తమ శిష్యులకు చూపిన వస్తువులేవి? ప్రత్తిపూలు, గోగుపూలు, ఎఱ్ఱగోంగూర పూలు, చెట్ల బెరళ్ళు, మఱికొంతకాలమునకు బండలమీద పెరుగు రాతిపూవు. ఆ పూల రంగునకు మూలమైన పదార్థములను వేఱుచేసి, వాని నిర్మాణమును తేల్చి, నీలకంఠముగారు, సూర్యప్రకాశరావుగారు మొదలగు శిష్యులతో కలిసి వ్యాసములు ప్రకటించిరి. ఎఱ్ఱగోంగూర పూవునుండి తీసిన హిబిసెటిన్ అను రంగుద్రవ్యము ఆ కాలపు పనియే. మన చేలగట్లపై పూచి రాలిపోవు పూవులో ఇంత శాస్త్రమున్నదని మనకు చెప్పినవారు ఒక పరభాషీయులు. 1960లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1963లో పద్మభూషణ బిరుదము వచ్చెను. ఆయన తెలుగుదేశమునకు ఇచ్చిన కానుక ఆ బిరుదములకంటె పెద్దది. ఆయన శిష్యులు, ప్రశిష్యులు ఆచార్యులై దేశమంతట రసాయనశాఖలను నడపిరి.

తోలుపని – శాస్త్రము

చేతిపనినుండి చదువు విడిపోయినదని రాయలవారు చెప్పిన దోషమును సరిచేసిన తెలుగువాడు ఎవరని అడిగినచో మేము యలవర్తి నాయుడమ్మగారి పేరు చెప్పుదుము. 1922లో తెనాలి చేరువనున్న యలవఱ్ఱు గ్రామమున రైతుకుటుంబమున జన్మించిరి. కాశీ హిందూవిశ్వవిద్యాలయమున చదివి, అమెరికాలో తోలురసాయనమున పరిశోధించి, మదరాసులోని కేంద్ర చర్మపరిశోధనసంస్థకు 1958 మొదలు 1971 వఱకు అధ్యక్షులుగా నుండిరి. తోలును ముట్టుటయే మైలయని తలచిన సమాజమునుండి వచ్చి, తోలునందలి ప్రోటీనునకును, ఊనుద్రవ్యములకును గల బంధమును శోధించిరి. అంతటితో ఆగక ఆ ఫలితమును ఊనుగుంటలయొద్ద నిలిచి పనిచేయువారికి అందించిరి. పచ్చితోళ్ళను పరదేశములకు అమ్ముకొను దేశము తయారైన తోలును, చెప్పులను ఎగుమతిచేయు దేశముగా మాఱుటలో ఆ సంస్థ పాత్ర గొప్పది. 1971లో పద్మశ్రీ వచ్చెను. 1985 జూన్ 23న కనిష్క విమానము అట్లాంటిక్ సముద్రముపై కూలినపుడు మరణించినవారిలో ఆయన యొకరు.

వర్తమానకాలమున గుంటూరు వాస్తవ్యులగు అల్లా వేంకటరామారావుగారి పేరు తప్పక చెప్పవలెను. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థకు 1985 మొదలు పదియేండ్లు అధిపతిగా నుండి, ఎయిడ్సు వ్యాధికి వాడు జిడోవుడిన్ మొదలగు మందులను మనదేశముననే తక్కువ వ్యయముతో తయారుచేయు మార్గములు చూపిరి. 2016లో పద్మభూషణులైరి.

మన బావులలోని నీరు

ఇంతవఱకు చెప్పినది దూరపు కథయని ఎవరైన తలంచినచో ఇప్పుడు చెప్పబోవునది మన గడపలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా జిల్లా ఏర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. ఆ నెల్లూరు జిల్లా పల్లెలలో మనుష్యులకు పండ్లు గారపట్టుట, వెన్ను బిగిసికొనిపోవుట, నడుము వంగి నడవలేకపోవుట కనిపించుచుండెను. ఎద్దులు కాళ్ళు స్వాధీనము తప్పి నడవలేకపోవుటను రైతులే మొదట కనిపెట్టిరని చెప్పుదురు. కొందఱు శాపమనిరి, కొందఱు వాతమనిరి. 1937లో గిండిలోని కింగు సంస్థకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి మొదలగువారు నీటిని పరీక్షించి, ఇది శాపము కాదు, బావినీటియందు మితిమించిన ఫ్లోరైడు అని ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధినిగూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ వ్యాసములు మన ఇరుగుపొరుగు పల్లెలనుగూర్చియే.

రాతిలోనున్న ఫ్లోరైడు లోతునీటిలో కరగును. లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాముకంటె మించి దీర్ఘకాలము త్రాగినచో ఎముకలలో చేరి వానిని బిఱుసుచేయును. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, కాచినను పోదు. కాచినకొలది నీరు తఱిగి చిక్కనగును. దీనిని పట్టిచ్చునది రసాయనపరీక్ష యొక్కటే. జిర్కోనియము, అలిజరిన్ కలిసిన ఎఱ్ఱని ద్రవము ఫ్లోరైడు తగిలినచో పసుపువన్నెకు తిరుగును. ఉన్నతపాఠశాల విద్యార్థి గాజుగొట్టమున ఈ వింతను కన్నులార చూడవచ్చును.

పరిష్కారమును తెలుగుగడ్డపేరనే వెలసినది. నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు 1970వ దశాబ్దిలో రూపొందించిన నల్లగొండ పద్ధతి యది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగు పాళ్ళలో కలిపి, చిలికి, తేఱనిచ్చినచో పటికనుండి పుట్టిన తెట్టె ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. కొన్ని లోపములున్నను పేదపల్లెలకు అందుబాటులోనిది. నల్లగొండ పేరు పరదేశములవఱకు ప్రాకెను. ఆ పాళ్ళను తేల్చినవారి పేర్లు మనలో ఎందఱెఱుగుదురు? మనుస్మృతిలోని చిల్లగింజ దృష్టాంతమునకు ఇంతకంటె సరియైన వ్యాఖ్యానము లేదు.

సత్కారములు – వాని కొలబద్దలు

విజ్ఞానపరిశోధనకు దేశమున పెద్ద సత్కారములు స్వాతంత్ర్యానంతరము ఏర్పడినవి. శాంతిస్వరూప భట్నాగరు పేర 1957లో స్థాపింపబడిన బహుమానము పడుచువయస్సులోని పరిశోధకుల కుద్దేశింపబడినది. దాని స్థానమున ఇటీవల రాష్ట్రీయ విజ్ఞానపురస్కారములు వెలసినవి. 2024లో మొదటి విజ్ఞానరత్నము జీవరసాయనాచార్యుడగు గోవిందరాజన్ పద్మనాభన్‌గారికి లభించెను. ఉపాధ్యాయులకు జాతీయసత్కారము 1958లో ఆరంభమయ్యెను. రాధాకృష్ణపండితుల జన్మదినమగు సెప్టెంబరు 5 ఉపాధ్యాయదినముగా 1962నుండి జరుపబడుచున్నది. ఇవి యన్నియు మంచివే. కాని శిఖరమును చూచి ఇచ్చు సత్కారము పునాదిని చూడజాలదు. పల్లెబడిలో మొదటిసారి గాజుగొట్టమును పిల్లవాని చేతికిచ్చినవాని పేరు ఏ పట్టికలోను చేరదు.

మేము పనిచేసిన పాఠశాల యొకదానిలో ప్రయోగసామగ్రిపెట్టెకు ఎప్పుడును తాళము వేసియుండెడిది. పగిలినచో లెక్కచెప్పవలెనని భయము. ఏడాదికొకమారు తనిఖీ అధికారి వచ్చినపుడు తెఱచి, దుమ్ము తుడిచి, మరల మూయుదురు. పిల్లలు ప్రయోగములను నోటితో అప్పగించి పరీక్షలలో నూటికి నూఱు తెచ్చుకొనిరి. అట్టి మార్కులకు మనము పతకములిచ్చుచున్నాము. ఇది గింజను అరగదీయక పేరు జపించుట కాదా?

ఒకప్పుడు మన మార్కాపురపు పలకలు దేశమంతట పిల్లల చేతులలో నుండెడివి. ఎక్కడెక్కడి బాలురో మన నేలనుండి తీసిన రాతిమీద అక్షరములు దిద్దిరి. అట్టి సీమలోని బాలురు తమ బావినీటిలో ఏమున్నదో తాము తెలిసికొనజాలకుండుట మనకు శోభించునా?

మా విన్నపము

పై చరిత్రనుండి తేలిన విషయములు మూడు. ప్రతిభ పరీక్షల మార్కులలో పూర్తిగా కనబడదు. పరిశోధకుని వెనుక ఒక గురువును, ఒక దాతయు నుందురు. ఆ గురువును ఆ దాతయు శిష్యుని కులమువారే కానక్కఱలేదు. కావున సంఘమువారికి మేము విన్నవించునది యిది.

మొదటిది: మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలోని పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయునికో, ఉపాధ్యాయినికో ఏటేట ఒక సత్కారము జరుపవలెను. పిల్లలచేత వారి చేతులతో ఎన్ని ప్రయోగములు చేయించిరి అనునదియే కొలబద్ద కావలెను. కులమడుగరాదు. మన సొమ్ము మనవారికే యని వాదించు పెద్దలు కలరు. వారి మాటలో మమకారమే కలదు, ద్వేషము లేదని మేమెఱుగుదుము. కాని మన పిల్లలకు చదువు చెప్పువారందఱు మన కులమువారేనా? కాకినాడ ధర్మనిధి కులము చూచుకొని మిన్నకున్నచో ఏమి నష్టమయ్యెడిదో తలంచి చూడుడు.

రెండవది: ఆ సత్కారము శాలువతో ముగియరాదు. ఆ పాఠశాలకు గాజుసామగ్రియు, ద్రవ్యములును, నీటిపరీక్షకు కావలసిన పెట్టెయు సమర్పింపవలెను. పగిలినచో మరల కొనిపెట్టుదుమని వ్రాతమూలకముగా మాట ఇయ్యవలెను.

మూడవది: విద్యార్థిపతకములలో ఒకదానిని మార్కులతో సంబంధము లేక, తన ఊరి బావులనీటిని గురువు చెంతనుండి పరీక్షించి, ఫలితములను శ్రద్ధగా పట్టికవేసి తెచ్చిన బాలునకో బాలికకో ఇయ్యవలెను. ఒకటి రెండుమార్లు పరీక్ష తప్పినవారైనను అడ్డు చెప్పరాదు.

ఇందులకగు వ్యయము మన ఊరేగింపునకును, పందిళ్ళ అలంకారమునకును అగుదానికంటె అధికము కాదు. పోషకమహాశయులు ఆలోచించి, ఈ మహాసభయందే తీర్మానము గావించి, వచ్చు వార్షికోత్సవమునకు ముందే కార్యరూపమున పెట్టుదురుగాక యని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.